స్థానికురాలు కాదట

తెలంగాణ ఉద్యమం వల్ల ఎలీశమ్మ బీఎస్సీ పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి, ఎట్టకేలకు జరిగి, ఫలితాలు వచ్చేసరికి అరవై తొమ్మిదో సంవత్సరం కాస్తా వెళ్లిపోయింది. కెమిస్ట్రీలో ఆమెది కాలేజీ మొత్తానికి రెండో స్థానం. ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టింది. ఇక అప్పటి నుంచి ఎదురుచూపే.

దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. తండ్రి దేవానందం సర్కారు దవాఖానలో కాంపౌండర్. తల్లి చిన్నప్పుడే పోవడంతో ఎలీశమ్మను నాయనమ్మ లింగమ్మే పెంచింది.

పోస్ట్‌మన్ అంతయ్య ఆ వీధికి పదకొండింటికి వస్తాడు. తొమ్మిదింటి నుంచే ఎలీశమ్మ ఇంట్లోకీ గుమ్మంలోకీ తిరిగేది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. ఒకరోజు ఇంట్లో ఉండబట్టలేక విజయవాడ రోడ్డు పట్టుకుని, ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తా ఉన్న వైపుగా చాలా దూరం నడిచిపోయింది. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న అంతయ్య ఆమెను చూసి దిగాడు.

"ఏంది బిడ్డా, గీ ఎండల? నీకు ఉత్తరమొస్తే నేనే ఉరికొచ్చి ఇయ్యనా?"

ఆమె సిగ్గుపడి వెనక్కి తిరిగింది. ఇంటికి రాగానే లింగమ్మ చాటెడు చింతపండు ముందు పెట్టి, "గింజలు తియ్యి. చేతులకు పనుంటే మనసు జర నిమ్మళమైతది" అంది. ఎలీశమ్మ ఒక్కో గింజ తీస్తూ ఒక్కో మూలకం అణుభారం పైకి చదివేది. గింజలు అయిపోయేవి, భయం మాత్రం అట్లాగే ఉండేది.

అయిదో వారంలో ఉత్తరం వచ్చింది. అంతయ్య నిజంగానే గబగబా తెచ్చి ఇచ్చాడు. ఎలీశమ్మ గుమ్మంలోనే చింపి చదివింది. స్థానికురాలని ధ్రువీకరణ పత్రం జతపరచనందున దరఖాస్తును పరిశీలించలేదనీ, పది రోజుల్లో సమర్పించకపోతే తిరస్కరిస్తామనీ రాశారు.

ఆమె ఒళ్లు మండిపోయింది. ఇక్కడి సీట్లు, ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడి వాళ్లకే దక్కాలని పోయిన ఏడాది ఆమె ఊరేగింపుల్లో నడిచింది. బాష్పవాయువు పీల్చి మూడు రోజులు కళ్లు తెరవలేకపోయింది. ఇప్పుడు ఆమే ఇక్కడిది కాదట!

సాయంత్రం దేవానందం ఇంటికి రాగానే ఉత్తరం ఆయన చేతిలో పెట్టింది. "నాయినా, మన ఊరి పట్వారి దగ్గర కాయితం తెస్తనంటివి గదా?"

దేవానందం కూలబడ్డాడు. "ఊరికి రెండుసార్లు పోయిన బిడ్డా. భూమి లెక్కల పహాణీల మన పేరు మీద గుంట జాగ లేదంటడు. భూమి లేనోళ్లు ఊరోళ్లని ఎట్ల రాయాలె అంటడు. మన పేర్లు జూసి, మీరు ఆంధ్ర నుంచి వచ్చిన కిరస్తానీలు గావచ్చు అంటడు. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

"మరి ఊళ్లె భూములున్న వెంకటేశ్వర్లు పటేలు కొడుక్కు?"

"నిలబడ్డ పాటున రాసిచ్చిండు."

"భూమి లేకుంటె ఊరు గూడ లేదా? ఆ పటేలు భూములు దున్నింది మన తాతలు గాదా? వాళ్లు ఏ ఊళ్లె ఉండి దున్నిన్రు నాయినా?"

"పట్వారితోటి లొల్లి పెట్టుకోకు తల్లీ."

అంతవరకూ గోడకు ఆనుకుని వింటున్న లింగమ్మ లేచి కొంగు నడుముకు చుట్టుకుంది. "పొద్దుగాల మొదటి బస్సుకు పోదాం. నేనొస్త" అంది.

మర్నాడు పట్వారి తన ఇంటి వాకిట్లో నలుగురు రైతుల మధ్య కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఎలీశమ్మను చూసి, "మీ నాయిన్తోని చెప్పిన గదమ్మా. ఆధారం లేంది ఎట్ల రాయాలె?" అన్నాడు.

"ఆధారం నేను" అంది లింగమ్మ.

పట్వారి నవ్వాడు. "నువ్వు కాయితానివా ముసలీ?"

లింగమ్మ రెండడుగులు ముందుకు వేసింది. "దొరా, నువ్వు పుట్టినప్పుడు ఏడ్వలే. నీలుక్కపోయినవ్. సచ్చిండనుకొని మీ నాయిన బయట తల బాదుకుంటుండు. కాళ్లు వట్టి తలకిందులు జేసి వీపు మీద సరిచింది గీ చెయ్యే. నీ బొడ్డు కోసింది గీ చెయ్యే. గప్పుడు మీ ఇంట్ల ఎవ్వలన్న అడిగిన్రా, లింగమ్మా, నీది ఏ ఊరని?"

రైతులు తలలు దించుకున్నారు. ఒకరికి నవ్వాగలేదు. పట్వారి ముఖం ఎర్రబడింది. అతను ఏదో అనబోయేంతలో లోపలి నుంచి అతని తల్లి ఆండాలు గడప పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. ఆమెకు చూపు సరిగా ఆనదు.

"లింగమ్మ గొంతేనా గది?"

"నేనే దొరసానీ. నాది గీ ఊరు కాదంటుండు నీ కొడుకు."

ఆండాలు కొడుకు వైపు తిరిగింది. "లింగమ్మది గీ ఊరు కాకపోతె నీది గూడ కాదురా. రాసియ్యి."

పట్వారి కాగితం తీసుకుని రాశాడు. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. లింగమ్మ కృతజ్ఞత చెప్పలేదు, ఎలీశమ్మనూ చెప్పనివ్వలేదు. ఇద్దరూ అటు నుంచి అటే తహసీల్ కచేరీకి వెళ్లి ముద్ర వేయించుకున్నారు.

యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా, "అక్కడ పెట్టి వెళ్లమ్మా" అన్నాడు. అక్కడ అంటే దుమ్ముకొట్టుకుపోయిన కాగితాల గుట్ట. "ముట్టినట్టు సంతకం పెట్టియ్యండి" అంది ఎలీశమ్మ. అలవాటు లేదన్నాడు. ఆమె కదల్లేదు. వెనక వరస పెరిగి గొణుగుళ్లు మొదలయ్యాక విసుక్కుంటూ సంతకం పెట్టాడు.

మళ్లీ ఎదురుచూపు. కానీ ఈసారి కడిగిన గిన్నెలు మళ్లీ కడగలేదు. సీటు రాకపోతే ఎవరిని ఏమడగాలో ఆమెకు తెలుసు. రెండో జాబితాలో కింది నుంచి మూడో పేరు ఎలీశమ్మది. దేవానందం నోటీసు బోర్డు ముందే నిలబడి కళ్లొత్తుకున్నాడు.

ఇంటికి వస్తుంటే కూతురు విసురుగా నడవడం చూసి, "సీటొచ్చింది గదా బిడ్డా. ఇంక కోపమెందుకు?" అన్నాడు.

"నాయినమ్మ బతికుంది కాబట్టి వచ్చింది. ఆ ముసలమ్మ తలుపు కాడికి వచ్చింది కాబట్టి వచ్చింది. గిట్ల సాక్ష్యం చెప్పెటోళ్లు లేనోళ్ల గతేంది?"



ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే ఎలీశమ్మ యూనివర్సిటీకి ఉత్తరం రాసింది. భూమి లేనివాళ్లు తాము ఫలానా ఊరివాళ్లమని ఏ కాగితంతో రుజువు చేసుకోవాలో తెలపమని అడిగింది. తనలాగే తిరిగి తిరిగి పత్రం తెచ్చుకున్న మరో ముగ్గురమ్మాయిల చేత సంతకాలు పెట్టించి, రిజిస్టర్ పోస్టులో పంపింది.

జవాబు రాలేదు. క్లాసులు మొదలైన నెలకు ఆమె ఇంకో ఉత్తరం రాసింది. ఈసారి పదకొండు సంతకాలు.