తాడుకి ఆ చివర

చలి గట్టిగా పట్టిందంటే మా ఆయనకి పని ఉండదు. ఇళ్ల బయటి గోడలకి రంగులు వేయడం ఆయన పని. మంచు తడికి రంగు ఆరదు, ఆరినా నిలవదు. అందుకని నిచ్చెనలు షెడ్డులోకి చేరతాయి. బ్రష్షులు కడిగి, గుడ్డలో చుట్టి పై అరలో పెడతాడు. అదే అరలోంచి ఇంకో సంచి కిందికి దించుతాడు. అందులో ఆయన వీడియో గేములు ఉంటాయి.

మా పెళ్లయ్యాక వచ్చిన మొదటి చలికాలం అది. ఆ సంచి సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. నలభై దాటిన మనిషి హాల్లో నేలమీద బాసింపట్టు వేసుకుని టీవీ వెనక వైర్లు గుచ్చుతుంటే, మా అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది.

"ఏమే, అల్లుడికి ఇదేం జబ్బు?"

"జబ్బు కాదమ్మా, ఆట."

"జబ్బులన్నీ ఆటల్లాగే మొదలవుతాయి."

ఆయన మాత్రం ఒక్కో డబ్బా తుడిచి వరసగా పెట్టి, చుట్టాలని పరిచయం చేసినట్టు నాకు చూపించాడు. ఒకటి పొలం ఆట. అందులోనూ చలికాలం వస్తుంది, అప్పుడు పంటలుండవు, చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చోవడమే. "బయటా పని లేదు, లోపలా పని లేదు. మనశ్శాంతి అంటే అదీ," అన్నాడు. ఇంకోటి పాడుబడిన కోటలో దయ్యాలతో పోట్లాడేది. మూడో దానికి ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. డబ్బా మీద మంచుకొండ, దాని మీద ఒకే తాడు కట్టుకుని ఎక్కుతున్న ఇద్దరు మనుషులు.

"ఇదెందుకు విప్పలేదు?"

"బొమ్మ బాగుందని కొన్నాను. ఇంటికొచ్చి చదివితే ఇద్దరుంటేనే ఆడాలిట," అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఏళ్ల తరబడి ఒక్క గదిలో ఒక్కడే గడిపిన చలికాలాలన్నీ ఆ విప్పని కాగితంలో కనిపించాయి.

మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది. నా కూతురు. పదకొండేళ్లది, మాట గలగలా ఉంటుందని అందరం పిట్ట అంటాం. వాళ్ల నాన్న పోయాక కొన్నేళ్లు నేనూ, అదీ, మా అమ్మా ముగ్గురమే ఉన్నాం. ఈయన ఇంట్లోకి వచ్చాక పిట్ట మర్యాదగానే ఉంది కానీ ఆయన్ని ఏమనీ పిలవలేదు. మన మాటల్లో ఒక సదుపాయం ఉంది కదా, మనిషిని పిలవకుండానే వాక్యం పూర్తిచేయొచ్చు. "తిన్నారా?", "టీవీ పెట్టుకుంటారా?", "తలుపు వేసేయమంటారా?" ఇలాగే నెలలు నడిపేసింది. తప్పనిసరిగా పిలవాల్సి వస్తే మాత్రం నా దగ్గరికొచ్చి, "అమ్మా, టీ చల్లారిపోతోందని చెప్పు," అనేది. ఆయన పక్క కుర్చీలోనే ఉండేవాడు.

మా అమ్మ ఒకసారి ఊరుకోలేక, "నాన్నా అను. లేదంటే బాబాయ్ అను. నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయా రాలిపోడానికి?" అంది. పిట్ట లేచి వెళ్లిపోయింది.

"వదిలేయండి అత్తయ్యా," అన్నాడు ఆయన. "పిలిస్తే పలుకుతాను. పిలవకపోతే ఎదురు చూస్తాను. నాకేం, పెయింటర్ని. ఆరేదాకా ఆగడం అలవాటే."

ఆ మాట తేలిగ్గానే అన్నాడు. కానీ పిట్ట ఏదైనా అనబోతుంటే ఆయన తల ఎలా పైకి లేచేదో, అది నావైపు తిరగగానే మళ్లీ ఎలా దిగేదో నేను చూస్తూనే ఉండేదాన్ని.

హీటరు హాల్లో ఒక్కచోటే ఉంది. అందుకని చలికాలం అందరం అక్కడే. నేను బట్టల షాపు నుంచి తెచ్చుకున్న ప్యాంట్ల అంచులు మడిచి కుట్టేదాన్ని. పిట్ట హోంవర్కు ముందేసుకుని, ఒక కన్ను పుస్తకంలో, ఇంకో కన్ను టీవీ మీద ఉంచేది. ఒక సాయంత్రం ఆయన కోట ఆట ఆడుతున్నాడు. వెనక నుంచి దయ్యం వస్తోంది. ఈయన పారిపోకుండా గోడ ముందు నిలబడిపోయాడు.

"చూడండత్తయ్యా, తడి గోడ మీద రంగు వేసేశారు. ఎలా పొరలు లేచిందో! అడుగున ప్రైమర్ పూత కూడా కొట్టలేదు వెధవలు..."

దయ్యం వచ్చి ఆయన్ని మింగేసింది.

పిట్ట పుస్తకం మీద పడి మరీ నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేలా. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఇంకో గోడ దగ్గర ఆగాడు. నాకు తెలిసి రెండోసారి కావాలనే ఆగాడు.

మర్నాడు పిట్ట మంచుకొండ డబ్బా చేతిలోకి తీసుకుని, "దీని కాగితం విప్పొచ్చా?" అంది. ఆయన గోరుతో కాగితం చింపి, రెండు రిమోట్లూ దాని ముందు పెట్టాడు.

"నేను ఒకటో రిమోట్," అంది పిట్ట.

"అలాగేనమ్మా."

ఇక రోజూ సాయంత్రం అదే పని. కొండ సగం దాకా ఎక్కడం, జారడం, మళ్లీ మొదటికి రావడం. ఒక రోజు నేను వంటింట్లో కంచాలు సర్దుతున్నాను. హాల్లోంచి పిట్ట గొంతు ఖంగుమని వినిపించింది.

"రెండూ! ఓ రెండూ! పట్టుకో!"

నా చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. నాకిది రెండో పెళ్లి, ఆయనకి మొదటిదే. అయినా ఆ అంకె ఆయనకే అంటగట్టారు మావాళ్లు. మా మేనత్త అయితే పెళ్లినాడు ఆయన వింటుండగానే, "పోన్లే, రెండో మొగుడైనా మంచివాడే దొరికాడు," అంది. ఇప్పుడు నా కడుపున పుట్టినదీ అదే మాట అంటోంది.

హాల్లోకి ఒక్క ఉదుటున వెళ్లాను. "ఏమని పిలుస్తున్నావే? ఎవరు నేర్పారు నీకు ఆ మాట? పెద్దా చిన్నా లేదూ?"

పిట్ట బిత్తరపోయింది. మొహం ఎర్రబడింది. రిమోటు చేతిలో పట్టుకునే గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఆయన కదల్లేదు. రెండు బొటనవేళ్లూ రిమోటు మీద అదిమిపెట్టి తెరవంకే చూస్తున్నాడు.

"లేవండి, భోజనం చల్లారిపోతుంది."

"లేవలేను. చూడు."

చూశాను. నీలం టోపీ మనిషి మంచులో గొడ్డలి గుచ్చి వేలాడుతున్నాడు. అతని నడుముకి కట్టిన తాడు చివర, గాల్లో, ఎర్ర టోపీ పిల్ల. ఎర్ర టోపీ మీద '1' అని రాసుంది. నీలం టోపీ మీద '2'.

"నేను వదిలితే ఇద్దరం కిందికి పోతాం," అన్నాడు. "ఆట ఆపడం ఒకటో వాళ్ల చేతిలో ఉంది. ఆ రిమోటేమో గదిలోకి పోయింది."

మా అమ్మ తొంగిచూసి, "ఏదో సేవ చేయాలంటారుగా మీరు రోజూ, అది చేసేసి రా బాబూ," అంది.

"సేవ్ చేయడం గుడిసె దగ్గరే కుదురుతుంది అత్తయ్యా. ఇంకో నాలుగడుగులు ఎక్కాలి."

"గుడిసెలో ఎవరికి సేవ?"

ఎవరూ నవ్వలేదు. నేను ఆయన పక్కన కూలబడ్డాను. ఆయన తెరమీంచి చూపు తిప్పకుండానే మెల్లిగా అన్నాడు.

"నీకు ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలుసు. దానికి తెలీదు. అది టోపీ మీదున్నది చదివింది, అంతే." రిమోటు ఇంకా గట్టిగా అదిమి, "ఇన్నాళ్లకి నన్ను పిలిచింది. 'పట్టుకోండి' కూడా కాదు, 'పట్టుకో' అంది. విన్నావా?" అన్నాడు.

ఆయన బొటనవేలి గోరు తెల్లగా పాలిపోయింది.

నేను వెళ్లి పిట్ట గది తలుపు తట్టాను. అది గోడవైపు తిరిగి పడుకుంది. "నాదే తొందరపాటు. ఆటలో అంకెలున్నాయని నాకు తెలీదు. ఎవరో ఎప్పుడో అన్న మాటకి నీ మీద అరిచాను," అన్నాను.

పిట్ట ఇటు తిరిగింది. "పడిపోయామా?" అంది.

"లేదు. పట్టుకునే ఉన్నారు."

"ఇంకానా?"

దుప్పటి అక్కడే వదిలి పరిగెత్తింది. నేను వచ్చేసరికి ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చుని ఉంది.

"వేలు నొప్పెడుతోందా, రెండూ?"

పిలిచి, ఓరగా నావైపు చూసింది. నేను తలూపాను.

"ఒకటో గారు వచ్చేశారుగా, పోయింది," అన్నాడు ఆయన.

ఊగి, జారి, మళ్లీ ఊగి, ఆఖరికి గుడిసె చేరారు. లోపల దీపం వెలిగింది. "సేవ్ అయింది!" అని పిట్ట కేక పెట్టింది.

"సేవ అయిందిగా, ఇక తిండికి రండి," అని మా అమ్మ గరిటెతో కంచం వాయించింది. ఆ పూట చల్లారిన భోజనానికి ఎవరూ వంకపెట్టలేదు. నేను మాత్రం మాటిమాటికీ ఆయన పాలిపోయిన వేలివైపు చూస్తూ, ఏ దేవుడికి చెప్పుకోవాలో తెలియక, ఆ ఆట తయారుచేసిన వాళ్లెవరో వాళ్లకే మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఎండలు మొదలయ్యాక గేముల సంచి అరలోకి వెళ్లింది, నిచ్చెనలు బయటికొచ్చాయి. ఒక సెలవు రోజు ఆయన పక్క వీధిలో మేడ గోడకి రంగు వేస్తుంటే పిట్టా నేనూ టీ పట్టుకెళ్లాం. పిట్ట నిచ్చెన కాళ్లని రెండు చేతులా బిగించి, "రెండూ! నేను పట్టుకున్నా, దిగు!" అని అరిచింది.

ఆ ఇంటావిడ గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఆయన రెండైతే మరి ఒకటెవరమ్మా?"

నేను చప్పున పిట్ట వైపు చూశాను. ఆయన నిచ్చెన మధ్యలో ఆగిపోయాడు.

పిట్ట నిచ్చెన వదల్లేదు. చేతులు ఖాళీ లేక గడ్డంతోనే తనని తాను చూపించుకుంది.

"నేనే," అంది.