మాట్లా బురద

ప్లేట్లన్నిటిలోనూ ఒకటే బూజు. పచ్చగా లేచి, అంచుదాకా పాకి, మూతకు తగులుతోంది. జ్యోతిరాణి ఒక్కో ప్లేటునూ దీపం కిందికి జరిపి చూసింది. దేన్లోనూ తేడా లేదు.

మాట్లా నది సముద్రంలో కలిసే చోట, మడచెట్ల వేళ్ల మధ్య తీసిన బురద అది. ఆటు వేళ మోకాళ్లదాకా దిగబడి, పడవలోంచి అటవీ గార్డు తొందరపెడుతుంటే తీసింది. గట్టు మీద కొంత, వేళ్ల దగ్గర కొంత, నీటి అంచున కొంత. ఈ మూడుచోట్లా ఒకే శిలీంధ్రాలు బతుకుతున్నాయా, వేరువేరా అన్నది ఆమె పరిశోధన. ఎండాకాలంలో పరీక్ష కోసం తెచ్చిన గుప్పెడు బురదలో గులాబిరంగు ఈస్టు వచ్చింది. నల్లగా పాకేదొకటి వచ్చింది. పేరు దొరకనివి రెండొచ్చాయి. ఇప్పుడు పాచిపోయిన రొట్టె మీద లేచేది తప్ప ఇంకేమీ లేదు. ఇది ముందు లేచిందంటే మిగతావాటికి చోటివ్వదు.

ఆమె గైడు సోమశేఖర్ వెనక నిలబడి చూశాడు. వరంగల్ మనిషి. కలకత్తా వచ్చి చాలాకాలమైనా, తిట్టాలంటే తెలుగులోకి దిగుతాడు.

"గాలిలకెంచి పడ్డదేమో చూసినవా?"

"చూశాను సార్. బురద వెయ్యని ప్లేట్లో ఏమీ లేవలేదు."

"అయితే బురదలదే."

"మరి ఎండాకాలంలో ఎందుకు రాలేదు సార్?"

"నన్నడిగితే? బురదనడుగు" అని వెళ్లిపోయాడు.

వచ్చే వారం సమీక్ష. అందులో ఫలితాలు చూపితేనే ఆమె గడువు పొడిగిస్తారు. లేకపోతే ఇన్నేళ్ల పని మధ్యలో ఆగిపోతుంది.

ఖిదిర్‌పూర్‌లో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి తల్లి సింహాచలమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు కడుతోంది. బజారులో అమ్మగా మిగిలిన భేట్కీ చేపలు ఏక్‌బాల్‌పూర్ హోటలుకు పంపాలి. పాలిథీన్ సంచిలో చేపలు వేసింది, ఐసు వేసింది, మూతి బిగించింది. తర్వాత గోనెలు కుట్టే దబ్బనం తీసి సంచి అడుగున టకటకా నాలుగు పోట్లు పొడిచింది. నీళ్లు కారాయి. కారిన సంచిని తడి గోనెలో చుట్టింది. ఆ గోనెలు తండ్రి కోదండం ఓడల డాకులో పని నుంచి వస్తూ తెచ్చేవి.

"అమ్మా, ఏటది?"

"కనబడతలేదేటి? నీల్లు కారిపోవాలి గదా. నిలబడితే సేప పాడైపోద్ది."

జ్యోతిరాణి చెప్పులు విప్పలేదు. బురద తెచ్చిన రోజు దుర్గాపూజ సెలవులకు ల్యాబు మూసి ఉంది. ఐసుపెట్టె ఇంట్లో పెట్టి, జ్వరంతో పడుకుంది.

"నా బురద సంచులు కూడా పొడిసినావా?"

"పొడవనా మరి? మట్టి మీద నీల్లు తేలతన్నాయి. వోసనొకటి. అన్నిటికీ పోట్లు పొడిసి, నీల్లు వార్సి, ఐసెట్టి, గోనె కప్పినాను. మీ కాలేజీ కాడ కారకుండా కొత్త కవర్లు కూడా తొడిగినాను. నా సేపల్నైనా అలాగ సూసుకోను."

"ఎవులు పొడవమన్నారు నిన్ను?"

"నువ్వే గదేటే సల్లగా ఉంచమన్నావు! ఎలాగుంచాలని అడుగుదామని లేపితే కసిరినావు."

అదీ నిజమే. జ్యోతిరాణికి ఇంకా మండింది.

"అంతా బూజట్టిపోయిందమ్మా!"

"బూజు కోసమే గదా తెచ్చినావు? పట్టినా ఏడుపేనా?" అంది సింహాచలమ్మ. పక్కింటి అమ్మన్నమ్మ కిటికీలోంచి నవ్వింది. "సదూకున్న గుంటలు ఇలాగే ఉంతారొదినా."

జ్యోతిరాణి ఒక గోనె అంచు కత్తిరించి, కవర్లో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

గోనె పీచు వేసిన ప్లేటులో అదే పచ్చ లేచింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. రెండూ ఒకటే. మిగిలిన సంచుల్లో నడిమి బురదను తీసి మళ్లీ వేసి చూసింది. మళ్లీ అదే. ఐసు కరిగి గోనెను తడిపిన నీళ్లు పోట్లలోంచి లోపలికి దిగాయి. వాటితో బూజూ దిగింది.

సోమశేఖర్ రెండు ప్లేట్లూ చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"గోనెల ఉన్నది బురదల ఉండొద్దని రూలుందా? ఈ బూజు లేని జాగ ఏడుంది? మడ బురదల దొరికిందని అందరు రాస్తనే ఉన్నరు. నువ్వు గూడ రాయి."

"ఉంటుంది సార్. కానీ ఇది నదిలోదో, మా డాకు గోనెలోదో నేను చెప్పలేను."

"చెప్పమని ఎవలడిగిన్రు?"

"అడక్కపోతే రాసెయ్యొచ్చా సార్?"

అతను ఫోను తిప్పి టేబుల్ మీద పెట్టాడు.

"సమీక్ష పోతది. గడువు నేనడుగుత, ఇస్తరని మాటియ్యలేను. మీ అమ్మ చేసిన పనికి నువ్వెందుకు మునుగుతవ్? మంచికి చెప్తున్న."

మంచికే చెబుతున్నాడని ఆమెకు తెలుసు. అందుకే కోపం ఎటూ పోలేదు. మూడుచోట్లా ఒకే బూజు అని రాస్తే, మడలో చోటు మారినా శిలీంధ్రాలు మారవని అర్థం. రేపు ఇంకెవరో దాని మీద లెక్క కడతారు.

"సమీక్షలోంచి నా పేరు తీసెయ్యండి సార్."

ప్లేట్లనూ, మిగిలిన బురదనూ సంచుల్లో కట్టి ఆటోక్లేవ్‌లో పెట్టింది. ఆవిరికి అన్నీ చస్తాయి. మూత బిగించి, మాట్లా మీదికి మళ్లీ పడవ కావాలని అటవీ కార్యాలయానికి ఫోను చేసింది. గుమాస్తా బెంగాలీలో నవ్వాడు. "ఇప్పుడా దీదీ? పడవలన్నీ టూరిస్టులకే చాలడం లేదు. శీతాకాలం పోయాక చూద్దాం." ఆమె వాదించింది. అతను లైన్లోనే ఎవరికో చాయ్ చెప్పాడు. ఆమె ఫోను పెట్టేసింది.

ఇంట్లో సింహాచలమ్మ కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. సంగతి ఎంతవరకు అర్థమైందో గాని, బురద పారేశారని అర్థమైంది.

"మల్లీ తేవాలేటి?"

"తేవాలి. అప్పటిదాకా నన్నుంచితే."

"ఈసారి నేనూ వత్తాను. ఐసు నేను సూసుకుంతాను."

"నువ్వు రాకమ్మా. అసలు ముట్టుకోకు."

సింహాచలమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది.

"ఏం, సేపలమ్మేదాన్ననా?"

"అందుక్కాదు."

"మరెందుకు? సెప్పు. ఆ రోజూ సెప్పలేదు, మొన్నా సెప్పలేదు. అరుత్తావు, గదిలోకి పోతావు."

ఎందుకో చెప్పాలంటే బూజు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. యూనివర్సిటీలో ఇంగ్లీషులో, బెంగాలీలో ఎన్నోసార్లు చెప్పింది. ఇంటి భాషలో ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కడ అందుకోవాలో తోచలేదు. కంచం కొంచెం అవతలికి నెట్టింది.

"సరే, ఇను. అన్నం రెండ్రోజులుంచితే ఏటవుద్ది?"

"బూజట్టుద్ది" అంది సింహాచలమ్మ. "దీనికా నువ్వు ఇన్నేల్లు సదివింది?"

జ్యోతిరాణి కళ్లు మూసుకుని తెరిచింది.

"ఇంకా అవలేదమ్మా. ఇను."