తొమ్మిదో నంబరు

ఈ తోట బోర్డుల గదిలో పద్దెనిమిదేళ్లుగా రేకుల మీద మొక్కల పేర్లు రాస్తున్నది నేను. మా తోడికోడలిని బతిమాలి ఆ గదిలో ఉద్యోగంలో పెట్టించింది కూడా నేనే. కొరివితో తల గోక్కుంటున్నానని అప్పుడు తెలియలేదు.

దాని చేతిరాత ముత్యాల వరుస. ఇంట్లో మా అత్తగారిదీ అదే మాట, తోటలో పెద్దసారుదీ అదే మాట. "మీ చెల్లెలు నిన్ను మించిపోయేలా ఉందమ్మా" అని ఆయన నవ్వితే నేనూ నవ్వాను. ఒళ్లు మండిపోయింది.

మొక్క పేరంటే రెండు లాటిన్ మాటలు. మొదటిది ఇంటిపేరు లాంటిది. రెండోది చాలాసార్లు ఆ మొక్క ఎలాంటిదో చెప్పే విశేషణం. అవే విశేషణాలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి పెద్దసారు జాబితాలో వాటికి నంబర్లు వేస్తారు. నాలుగంటే అల్బా, తెల్లనిది. పువ్వు తెల్లనిదైనా బెరడు తెల్లనిదైనా అదే మాట. ముందున్న పేరును బట్టి దాని తోక మారి ఒకచోట అల్బస్, ఇంకోచోట అల్బమ్ అవుతుంది. తొమ్మిదంటే రుబ్రా, ఎర్రనిది. నంబర్ల పట్టీని ఎప్పుడో చెదలు తినేశాయి. ఇప్పుడు మా గదిలో అదంతా నా బుర్రలోనే ఉంది. నాకుండి దానికి లేనిది అదొక్కటే.

పెద్దసారు రిటైరయ్యేలోపు మా గదికి హెడ్డును ఎంచాలి. ఆ కుర్చీ నాదేనని పద్దెనిమిదేళ్లుగా అనుకుంటున్నాను. ఆయనేమో కొత్త గ్లాస్‌హౌస్ గుమ్మం ముందున్న పొదకు పెద్ద బోర్డు రాసే పని దానికిచ్చి, నన్ను వెనక వరసలోకి నెట్టారు. ఇక నాకు అర్థం కానిదేముంది?

"అక్కా, ఇక్కడ తొమ్మిదని ఉంది. ఏం రాయాలి?" అంది కుంచె తడుపుకుంటూ.

"అల్బా" అన్నాను.

తడుముకోకుండా వచ్చేసింది. ఆ పొద ఇంకా మొగ్గ తొడగలేదు. పూసిన రోజు మా తోడికోడలి ముత్యాల సంగతి తేలుతుందిలే అనుకున్నాను.

అప్పటి నుంచి రోజూ సంచీ గదిలో పెట్టకముందే వెళ్లి పొదను చూసుకునేదాన్ని. మొగ్గ కొసన ఎరుపు కనిపించిన రోజు నా కడుపు చల్లబడింది. నిజం చెబుతున్నాను, అంత సంతోషం నా పెళ్లిలో కూడా లేదు.

పొద నిండా ఎర్రగా పూసింది. పెద్దసారు మా ఇద్దరినీ పిలిచారు.

"తెల్లనిదని రాసి ఎర్రపూలు చూపిస్తున్నామా?" అంటూ బోర్డు పీకి వెనక్కి తిప్పారు. ఎవరు రాసిన బోర్డు వెనక వాళ్లు మేకుతో తమ గుర్తు గీయడం మా గదిలో పద్ధతి. నా గుర్తు మూడు చుక్కలు. అక్కడున్నవి మూడు చుక్కలే.

"ఇది నువ్వు రాసిందా?" అన్నారు నాతో.

నేను నోరు తెరిచేలోగా మా తోడికోడలే ముందుకొచ్చింది.

"రాసింది నేను సార్. నేర్పింది అక్క కదా, ఇంత పెద్ద బోర్డుకి అక్క గుర్తే ఉండాలని నేనే గీశాను. తప్పు నాదే."

ఆ మాట నేనే చెప్పానని మాత్రం అది బయటపెట్టలేదు. పెద్దసారు నావైపే చూస్తున్నారు.

"తొమ్మిదంటే ఏంటమ్మా?"

"రుబ్రా" అన్నాను. "దానికి అల్బా అని చెప్పింది నేనే సార్. తెలిసే చెప్పాను."

మర్నాటి నుంచి హెడ్డు కుర్చీ దానిదైంది.

ఆ కుర్చీలో కూర్చుని అది చేసిన మొదటి పని, ఆ బోర్డు మీది పాత అక్షరాలు గీకేయడం. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా ఏడ్చినట్టుంది. బోర్డు తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వే రాయక్కా. వెనక గుర్తు నీదేగా."

రాశాను. అక్షరాలు దానివంత బాగా రాలేదు. ఇన్నాళ్లూ దాని చేతిరాత చూసి కుళ్లుకున్నాను. ఆ రోజు నుంచి దాని మనసును చూసి కుళ్లుకుంటున్నాను.