పిలవని సాక్షి

ఆ వ్యాజ్యంలో పోతురాజు తిన్న మొదటి దెబ్బ వకీలుగారి అరుగు దగ్గర పడింది. అప్పటికి వ్యాజ్యం అతనిది కాదు. ముత్యాలరాజు సామాను కావడిలో మోసుకుంటూ వెంట వచ్చిన ఊరి వెట్టివాడు, అంతే. వాకిట్లో ఎండలో నిలబడి, తనని అడగని మాటకి జవాబు చెప్పాడు. దానికి ముత్యాలరాజు అరుగు దిగి వచ్చి, కాలి చెప్పు తీసి, చెంప పగలగొట్టాడు.

సంగతేమిటంటే, వాడపల్లికి దిగువన గోదావరి గట్టు కింద ముత్యాలరాజుకి ఒక చేను ఉండేది. తుపానుకి పంట పోయిన ఏడు ఆ చేను మీద షావుకారు నరసింహమూర్తి దగ్గర అప్పు తెచ్చాడు. తరవాత తీర్చేశాడు. మనవాళ్ళు ఎప్పటినుంచో తీర్చుకునే పద్ధతిలోనే తీర్చాడు. వాడపల్లి వెంకన్న గుడి ముందు, పెద్దమనుషుల ఎదుట, డబ్బు సంచీ షావుకారు చేతిలో పెట్టాడు. షావుకారు లెక్క చూసుకుని, "నా బాకీ ముట్టింది, రాజుగారికీ నాకూ ఏ పేచీ లేదు" అని తాంబూలం ఇచ్చాడు. పత్రం ఇంటి దగ్గర పెట్టెలో ఉందనీ, రేపు చించి పంపిస్తాననీ అన్నాడు. ప్రహరీ బయట నిలబడ్డ పోతురాజుని తనే పిలిచి, ఊళ్ళో టముకు వెయ్యమని చెప్పాడు. పోతురాజు తప్పెట కొట్టుకుంటూ, రాజుగారి బాకీ తీరిపోయిందని వీధి వీధికీ చాటాడు. ఇంక రసీదు ఎందుకు? తాంబూలం అందుకున్నాక కాగితం అడగడమంటే అవతలి మనిషిని మొహం మీద దొంగా అన్నట్టే కదా!

ఆ రేపు మాత్రం రాలేదు. గోదావరి మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు తవ్వారు. ఒక కాలవ సరిగ్గా ముత్యాలరాజు చేను పక్కనుంచే పోయింది. చేను ఖరీదు పెరిగింది, షావుకారికి మతిమరుపూ పెరిగింది. చించని పత్రం పట్టుకుని కోర్టుకెక్కాడు.

"మీ సాక్షులందరూ మీ అన్నదమ్ములూ బావమరుదులేనండి, రాజుగారూ," అన్నాడు వకీలు ఆవేళ అరుగు మీద. "కోర్టువారు నమ్మరు. చుట్టరికం లేనివాడు, కళ్ళారా చూసినవాడు, ఒక్కడు లేడంటారా?"

"నేను చూసేనండి, బాబయ్యా," అన్నాడు పోతురాజు వాకిట్లోంచి. "టముకేసింది నేనే కదండీ."

సాయం చేద్దామనే అన్నాడు పాపం. చెప్పుదెబ్బకి పెదవి చిట్లి, నోట్లోకి ఉప్పగా నెత్తురు వచ్చింది.

"వెట్టివాడి నోటిమాట మీద నా భూమి నిలబడాలిట్రా?" అని ముత్యాలరాజు ఊగిపోయాడు. "రాజుల మాట చెల్లక నీ మాట చెల్లిందని రేపు ఊరూవాడా నవ్వరూ? చేను పోతే పోనీ!"

పౌరుషంలో అన్న మాట అది. నిజంగా పోతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

పోయింది. కోర్టు ఎదుట చింతచెట్టు కింద కూర్చునే బాపతు సాక్షులు ఆ రోజుల్లో అందరికీ తెలిసినవాళ్ళే. పూటబత్తెం ఇస్తే పుట్టకముందు జరిగిన పెళ్ళికి కూడా సాక్ష్యం చెప్పగలరు. షావుకారు అక్కణ్ణించి ఇద్దర్ని తెచ్చుకున్నాడు. రాజుల సాక్ష్యం చుట్టాల సాక్ష్యమన్నారు. చెట్టు కింద సాక్ష్యం మాత్రం చెల్లింది. డిక్రీ అయింది. చేను వేలం వేయమని ఉత్తరువు వచ్చింది.

ఆ వార్తకి ఊళ్ళు అట్టుడికిపోయాయి. ఆ రోజుల్లో మన జనానికి బ్యాంకంటే షావుకారి ఇనప్పెట్టే. అందులో దాచుకున్న కాసులపేర్లూ కంటెలూ ఇచ్చెయ్యమని ఆడవాళ్ళు ఆయన గుమ్మం ముందు చేరి దుమ్మెత్తిపోశారు. కొందరివి వచ్చాయి. రానివాళ్ళు కోర్టుకి పోలేదు. పోయి ఏం చేస్తారు, చెవులకున్న దుద్దులు కూడా పోగొట్టుకోడానికా?

వేలంనాటి పొద్దున్నే, వేలం జరిపించే కోర్టు అమీను నలుగురు బిళ్ళబంట్రోతుల్ని వెంటేసుకుని పోతురాజు ఉండే పేటకి వచ్చాడు. పోతురాజు గంజి తాగుతున్నాడు.

"లేవరా. చేను గట్టు మీద టముకెయ్యాలి."

"నేను రానండి, బాబూ. బాకీ తీరిందని చాటిన నోటితో, తీరలేదని ఎలా చాటేదండీ?"

బంట్రోతు తాడు మడిచి వీపు మీద కొట్టాడు. రెండో దెబ్బకి గంజి ముంత దొర్లిపోయింది. అతని పెళ్ళాం పాపాయమ్మ అడ్డం వస్తే జుట్టు పట్టుకుని గోడకేసి తోశాడు. అది చూసి పోతురాజు లేచి, తప్పెట మెళ్ళో వేసుకున్నాడు. నడుస్తుంటే వీపు మీద చర్మం చిటపటలాడిపోతోంది. తనని కొట్టినందుకు కాదు, ఆవిడ మీద చెయ్యి వేసినందుకు ఆ బంట్రోతుని పీక నులిమి చంపెయ్యాలనిపించింది.

చేను గట్టు మీద టముకు పడకపోతే వేలం చెల్లదని వకీలు ఎప్పుడో ముత్యాలరాజుతో అన్నాడు. ఆ మాట ఊళ్ళో నోటా నోటా పడి, ఊరి వెట్టివాడే వెయ్యాలి, ఇంకొకడు వేస్తే చెల్లదు అనేదాకా వెళ్ళింది. అలాగని ఏ చట్టంలోనూ లేదు. కానీ కోర్టు మాట ఒక్కటీ నమ్మని జనం ఈ ఒక్కటి మాత్రం గట్టిగా నమ్మారు.

పోతురాజు కర్ర ఎత్తాడో లేదో, కొబ్బరితోటలోంచి ముత్యాలరాజు తమ్ముడు భీమరాజు మనుషులతో విరుచుకుపడ్డాడు. దుడ్డుకర్రలు లేచాయి. ఇందాక పాపాయమ్మని తోసిన బంట్రోతు తల పగిలి, నెత్తురు కళ్ళలోకి కారి, దారి కనపడక కాలవలో పడ్డాడు. లేవబోతే మళ్ళీ కొట్టారు. రెండోవాడి మోకాలు చితికింది. వాడు పాక్కుంటూ, "పిల్లలు గలవాణ్ణి బాబోయ్!" అని ఏడిచాడు. అమీను తలపాగా ఒక చేత్తో, ప్రాణం ఒక చేత్తో పట్టుకుని గట్టెక్కి పరిగెత్తాడు. షావుకారు బండి దిగనేలేదు. ఆయన ఎడ్లు మంచివి, ఒక్క దెబ్బ తగలకుండా కొత్తపేట దారి పట్టాయి. ఎవరి కోసం ఇంత కోపం దాచుకున్నారో ఆయన వెళ్ళిపోయాడు. కోపం మాత్రం చేలోనే మిగిలింది.

భీమరాజు తప్పెటని కాలితో తొక్కి చించాడు.

"అది చించితే ఏం లాభం?" అన్నాడు ముత్యాలరాజు. చేతిలో పార ఉంది. "తప్పెటలు బోలెడు దొరుకుతాయి. వీడి చెయ్యి పట్టుకో."

పోతురాజుకి ముందు అర్థం కాలేదు. భీమరాజు తన వీపు మీద మోకాలు పెట్టి, కుడిచెయ్యి లాగి తూము రాయి మీద పరిచినప్పుడు అర్థమైంది.

"వద్దండి, రాజుగారండీ! నేను మీవైపేనండి! నేను రానన్నానండి, కావాలంటే నా వీపు చూడండి!"

"తెలుసురా," అన్నాడు ముత్యాలరాజు. "నీ మీద కోపం లేదు."

పార తిరగేసి దాని వెనకవైపుతో కొట్టాడు. మొదటి దెబ్బకి వేళ్ళు నలిగాయి. పోతురాజు అరిచిన అరుపుకి తోటలో కాకులన్నీ లేచాయి. ఆ మనిషి అక్కడితో ఆగొచ్చు, ఆగలేదు. కోర్టుని కొట్టలేడు, షావుకారిని కొట్టలేకపోయాడు. ఆ దెబ్బలన్నీ ఆ ఒక్క చేతి మీదే వేశాడు. మణికట్టు దగ్గర ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చాక, పార పారేసి గట్టు మీద కూలబడ్డాడు.

తరవాతి వారం తుపాకులు పట్టుకున్న బంట్రోతులు పక్క ఊరి వెట్టివాణ్ణి తీసుకొచ్చారు. వాడు టముకేశాడు. వేలం చక్కగా చెల్లింది. షావుకారే పాడుకున్నాడు. అన్నదమ్ములిద్దరికీ సంకెళ్ళు పడ్డాయి.

పోతురాజు చెయ్యి అతకలేదు. వేళ్ళు నల్లగా, వంకరగా బిగుసుకుపోయాయి. షావుకారు ధాన్యం బస్తా పంపించి, కచేరీలో జరిగింది జరిగినట్టు చెప్పమని కబురు చేశాడు. ముత్యాలరాజు బావమరిది సుబ్బరాజు స్వయంగా పేటకి వచ్చి, "రాజుగారి పేరెత్తేవంటే ఈ పేటలో ఒక్క చూరు మిగలదు" అని చెప్పి వెళ్ళాడు.

పాపాయమ్మ బస్తా లోపలికి లాక్కుంది.

"ఆ ధాన్యం మనకెందుకే?" అన్నాడు పోతురాజు.

"తినడానికి! ఈ చేత్తో నువ్వు తెచ్చి పెడతావా, ఆ దేవుడు పెడతాడా?" అని ఆవిడ కసిరింది. "ఆయన కోసం చెప్పకు. ఈయన కోసం దాచకు. ఏం జరిగిందో అదంతా చెప్పు. మొత్తం చెప్పు."

కొట్లాట కేసు విచారించే ఫౌజుదారీ కచేరీ ముందు కూడా ఒక చింతచెట్టు ఉంది. ఈసారి అక్కడి సాక్షుల్ని తెచ్చుకున్నది సుబ్బరాజు. ఆ రోజు ముత్యాలరాజు అసలు ఊళ్ళోనే లేడని, వాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి ప్రమాణం చేశారు. ముత్యాలరాజు బోనులో తల వంచుకు నిలబడ్డాడు. చెట్టు కింద సాక్షుల మీద అన్నాళ్ళు పళ్ళు కొరికినవాడు, వాళ్ళు తన కోసం అబద్ధమాడుతుంటే నోరెత్తలేదు.

పోతురాజుని పిలిచారు. జీవితంలో అతన్ని ఒక కచేరీ పేరు పెట్టి పిలవడం అదే మొదలు. మేజిస్ట్రేటు దొర పక్కన తర్జుమా గుమాస్తా నిలబడి అడిగాడు.

"నీ చెయ్యి ఎవరు విరక్కొట్టేరు?"

"రాజుగారేనండి. ముత్యాలరాజుగారు. భీమరాజుగారు పట్టుకున్నారండి."

గుమాస్తా దొరకి చెప్పాడు. రాతగాడి కలం గబగబా కదిలింది.

"ఇంకోటి కూడా ఉందండి," అన్నాడు పోతురాజు. "ఆ బాకీ తీరిపోయిందండి. వెంకన్న గుడి ముందు, షావుకారు నరసింహమూర్తిగారు ముట్టిందని చెప్పి తాంబూలం ఇచ్చేరండి. నేను చూసేను. ఆయన చెప్తేనే టముకేసేనండి. దేవుడి మీద ప్రమాణం చేయించేరు కదండీ, అది కూడా రాసుకోండి."

జనంలో కూర్చున్న షావుకారు మొహం తెల్లబోయింది. ముత్యాలరాజు తలెత్తి చూశాడు. కలం కదల్లేదు.

"ఏమంటున్నాడు?" అని దొర అడిగినట్టున్నాడు. గుమాస్తా ఆయన చెవిలో ఏదో చిన్నమాట అన్నాడు. దొర తల అడ్డంగా ఊపాడు.

"అది ఈ వ్యాజ్యంలో సంగతి కాదు. అడిగినదానికే చెప్పాలి. దిగు."

"మరి ఏ వ్యాజ్యంలో చెప్పాలండీ?"

"దిగమన్నానా!" అని బంట్రోతు రెక్క పట్టుకుని కిందికి లాగాడు.

అన్నదమ్ములిద్దరికీ ఖైదు వేశారు. చెట్టు కింద సాక్షుల్ని దొర నమ్మలేదు. బయట వసారాలో కాళ్ళకి గొలుసులు బిగిస్తుండగా ముత్యాలరాజు వకీలు చెయ్యి పట్టుకున్నాడు.

"వీడి మాట... ఇదే మాట ఆ కోర్టులో చెప్పించి ఉంటే?"

వకీలు ఉత్తరీయం సర్దుకున్నాడు. దాచి లాభమేమిటనుకున్నాడేమో, "అప్పుడైతే రాసుకునేవారండి," అన్నాడు. "చుట్టం కాడు, ఊరి పనివాడు, షావుకారే పిలిచి చాటించిన మనిషి. చేను నిలిచేదండి."

ముత్యాలరాజు గొంతులోంచి మనిషి గొంతు కాని శబ్దం ఒకటి వచ్చింది. బంట్రోతుల్ని విదిలించుకుని, కుడిచెయ్యి పిడికిలి బిగించి వసారా రాతిస్తంభానికేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కణుపులు చిట్లి నెత్తురు స్తంభం మీద పడింది. "నన్ను చంపెయ్యరా, పోతురాజూ! నన్ను చంపెయ్యి!" అని అరుస్తూ ఇంకా కొడుతూనే ఉన్నాడు. ముగ్గురు పట్టుకున్నా ఆగడం లేదు.

పోతురాజు మెట్ల మీద నిలబడి చూశాడు. జాలి వస్తుందేమోనని చూసుకున్నాడు, రాలేదు. సంతోషమూ రాలేదు.

"ఊరుకోండి, రాజుగారూ," అన్నాడు. "మీది విరక్కొట్టుకుంటే నాది అతుక్కోదండి."

పాపాయమ్మ అతని ఎడంచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి ఊరి దారి పట్టారు.