రెండు చుక్కలు అంటించమంటే

టైరు గాడిలో ఇరుక్కున్న మట్టిని డెల్మర్ క్రోప్ స్క్రూడ్రైవరుతో గీకాడు. దాన్ని వేళ్ల మధ్య నలిపి, లైటు కింద పట్టి చూసి, "కెంటకీ," అన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఉన్నా పట్టించుకునేవాళ్లు కారు. తిరిగొచ్చిన ప్రతి చక్రాన్నీ అతను ఇలాగే పలకరిస్తాడని ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. ఎర్రమట్టి అయితే కెంటకీ, నల్లమట్టి అయితే ఇల్లినాయ్, ఇసుక రాలితే మిషిగన్. ఒకసారి చేప పొలుసు దొరికింది. అది ఎక్కడిదో తేల్చుకోలేక ఆ వారమంతా అన్నం సహించనివాడిలా తిరిగాడు.

ఇండియానా ఉత్తరాన ఉన్న ఆ ఫ్యాక్టరీలో ఇళ్లు తయారవుతాయి. గోడలు, పైకప్పు, వంటగది, స్నానాల గది అన్నీ అక్కడే బిగించి, లారీకి తగిలించి రోడ్డు మీదికి తోలేస్తారు. ఇల్లు తన జీవితంలో ఒక్కసారి ప్రయాణం చేస్తుంది. చేరాల్సిన చోటికి చేరాక చక్రాలు ఊడదీసి వెనక్కి పంపేస్తారు. కింద ఉన్న ఇనుప చట్రాన్ని మాత్రం తీయకూడదు. ఇల్లు ఉన్నంతకాలం అది ఉండి తీరాలని వాషింగ్టన్‌లో ఎప్పుడో, డెల్మర్ నిక్కర్లు వేసుకునే రోజుల్లో, చట్టం చేశారు. ఎందుకు ఉండాలో ఇప్పుడు ఎవరిని అడిగినా తల గోక్కుంటారు. ఆ చట్టం చేసినవాళ్లలో చాలామంది పోయారు. చట్రం మిగిలింది.

ఆ చట్రాన్ని వెల్డింగ్ చేయడం డెల్మర్ పని. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. మనిషి పొడగరి, కానీ ఇళ్ల కింద వంగి వంగి నడుము అలాగే ఉండిపోయింది. నిలబడినా ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టే ఉంటాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. ఎడమ కనుబొమ ఎప్పుడో కాలిపోయి సగమే తిరిగి మొలిచింది. దానివల్ల ఎవరేం చెప్పినా నమ్మనట్టు కనిపిస్తాడు. నిజానికి ఎవరేం చెప్పినా నమ్ముతాడు. చిల్లులు లేని చొక్కా అతనికి ఒక్కటే ఉంది. చర్చికి వేసుకెళ్లే ఆ చొక్కాను అతని భార్య ఆర్లీన్ బీరువాలో పెట్టి తాళం వేస్తుంది.

అతను బిగించిన చక్రాలు సగం దేశం చూశాయి. అతను మాత్రం ఒక్కసారి షికాగో దాకా వెళ్లి, కారు ఆపుకోవడానికి చోటు దొరక్క, దిగకుండానే తిరిగొచ్చేశాడు. అతని దేశాటన అంతే.

ఆర్లీన్‌కు ఊళ్లో, అక్క ఓర్ఫా ఇంటి పక్కనే, తల్లి ఇచ్చిపోయిన ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఓ చిన్న ఇల్లు వేసుకోవాలని పెళ్లయిన కొత్తలోనే ఆమెకు కోరిక పుట్టింది. కట్టించుకునే స్తోమత వాళ్లకు ఎప్పుడూ లేదు. ఫ్యాక్టరీ ఇల్లయితే కొనగలరు. కానీ కింద చట్రం ఉన్నది ఇల్లు కాదు, బండి అని ఊరి కౌన్సిల్ నియమం. బండ్లను ఊరి వీధుల్లో పెట్టనివ్వరు. చట్రం లేకపోతే ఇల్లు అమ్మనివ్వదు వాషింగ్టన్. చట్రం ఉంటే దించనివ్వదు కౌన్సిల్. ఈ ఇద్దరి మధ్యా పడి ఆర్లీన్ ఊరి బయట, అలాంటి ఇళ్లే బారులు తీరిన పార్కులో, అద్దె స్థలంలో కాపురం చేస్తోంది. ఈలోగా మోకాళ్లు అరిగిపోయాయి. "నా ఇంటికి అడ్డం పడుతున్నది నా మొగుడు చేసే వెల్డింగే," అని చర్చిలో నలుగురి ముందూ అంటుంది. అందరూ నవ్వుతారు. డెల్మర్ కూడా నవ్వుతాడు. కానీ ఆ మాట అతనికి గుచ్చుకుంటుంది.

ఇప్పుడు ఆ చట్రం అక్కర్లేదని కొత్త చట్టం వస్తోంది. సామాన్యులకు అందే ధరలో ఇళ్లు పెరగాలంటే ఇలాంటి అడ్డంకులన్నీ తీసేయాలట. బిల్లు వాషింగ్టన్‌లో ఒక సభ దాటింది, ఇంకో సభ దాటాలి. దాన్ని భుజాన వేసుకుని తిరుగుతున్న ఆ ప్రాంతపు ప్రతినిధి ఈ రోజు ఫ్యాక్టరీకి వస్తున్నాడు. ఆర్లీన్ రాత్రి నిద్రపోలేదు.

"డెల్మర్! నీ మట్టి జోస్యం ఆపి ఇలా రా," అని ఫోర్‌మన్ క్లిఫర్డ్ కేకేశాడు. క్లిఫర్డ్‌కు పొట్ట ముందు వస్తుంది, ఆ తర్వాత కంగారు వస్తుంది, ఆఖరున అతను వస్తాడు. ఆ రోజు కంగారే ముందొచ్చింది. రెండు స్టాండ్ల మీద ఓ ఇనుప దూలం పెట్టించి, దానికి పసుపు రిబ్బను కట్టించాడు.

"ఆయన టీవీవాళ్ల ముందు దీన్ని కోస్తాడు. కోసినట్టుండాలి, అంతే. నువ్వు ముందే అడ్డంగా కోసేసి, ఊడిపోకుండా వెల్డింగుతో రెండు చుక్కలు అంటించు. ఆయన కోత మిషను ఆనించగానే ఠపీమని పడాలి."

"రెండు చుక్కలేనా?"

"రెండే."

"ఊడి ఆయన కాలి మీద పడితే?"

"కింద ఇసుక బస్తా పెడతాను. కాలు ఆయనది, బస్తా నాది, నీకెందుకయ్యా బాధ? రెండు చుక్కలు!"

డెల్మర్ మాస్కు పెట్టుకోబోయి ఆగాడు. "ఈ చట్టం వచ్చాక నా సంగతేంటి, క్లిఫర్డ్?"

క్లిఫర్డ్ చూపు తిప్పుకున్నాడు. "అల్మరాల సెక్షన్‌లో వేస్తాలే."

"చెక్క పని నాకు రాదు."

"నేర్చుకుంటావు. అక్కడ నిప్పు వాడకపోతే చాలు."

డెల్మర్ దూలాన్ని కోశాడు. రెండు ముక్కలూ కలిపి పట్టి ఒక చుక్క అంటించాడు. రెండో చుక్క కూడా అంటించాడు. చీకటి అద్దం వెనక ఆ చిన్న వెలుగు తప్ప ఇంకేమీ కనిపించదు, బయటి మాటలేవీ వినిపించవు. అతను జీవితంలో ఆలోచించిన ఆలోచనలన్నీ అక్కడ ఆలోచించినవే. ఆర్లీన్ ఇంటికి వంటగది కిటికీ ఎటు పెడితే బాగుంటుందా అని ఆలోచనలో పడ్డాడు. తూర్పుకు పెడితే పొద్దున్నే ఎండ వస్తుంది. ఓర్ఫా ఇంటి వైపు పెడితే అక్కాచెల్లెళ్లు కిటికీలోంచే మాట్లాడుకోవచ్చు. ఆర్లీన్ మెట్లు దిగే పని ఉండదు. ఓర్ఫా వైపే ఖాయం చేసి మాస్కు ఎత్తాడు. దూలం చుట్టూ ఈ చివర నుంచి ఆ చివర దాకా అతుకు సన్నగా, నున్నగా మెరుస్తోంది. బాగా వచ్చిందనుకుని కాఫీ తాగడానికి వెళ్లాడు.

ప్రతినిధి కొత్త బూట్లతో, కొత్త హెల్మెట్‌తో వచ్చాడు. హెల్మెట్ వెనక ధర చీటీ ఎవరూ తీయలేదు. పనివాళ్లందరినీ వరసగా నిలబెట్టి, దూలం పక్కన డెల్మర్‌ను నిలబెట్టాడు క్లిఫర్డ్.

"మిత్రులారా!" అన్నాడు ప్రతినిధి కెమెరా వైపు చూస్తూ. "కష్టపడి పనిచేసే కుటుంబాలకూ సొంత ఇంటికీ మధ్య అడ్డంగా నిలబడ్డది ఏమిటి? ఇదిగో, ఇది!" అని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి డెల్మర్ వైపు వచ్చింది. డెల్మర్ మర్యాదగా కొంచెం పక్కకు జరిగాడు.

మిషను అరిచింది. నిప్పురవ్వలు లేచాయి. చప్పట్లు కొట్టడానికి క్లిఫర్డ్ చేతులు సిద్ధం చేసుకున్నాడు. దూలం పడలేదు. ప్రతినిధి నవ్వు చెదరనివ్వకుండా ఇంకాస్త నొక్కాడు. "గట్టి ఇనుమే!" అన్నాడు. మిషను మూలిగింది. దానికున్న కోత బిళ్ల కాస్త లోపలికి దిగి, బిగుసుకుని, ఠప్పున విరిగింది. సగం ముక్క అతుకులో ఇరుక్కుపోయింది. ప్రతినిధి చేతిలో మిషను ఉత్తినే గిర్రున తిరుగుతోంది. పసుపు రిబ్బను అంటుకుంది. క్లిఫర్డ్ టోపీతో కొట్టి ఆర్పాడు.

"చుక్కలు, డెల్మర్!" అన్నాడు పళ్ల బిగువున. "చుక్కలన్నాను కదయ్యా!"

డెల్మర్ వంగి అతుకును చూశాడు. అప్పటికి గాని తను చేసిందేమిటో అతనికి తెలియలేదు.

టీవీ పిల్ల మైకు తెచ్చి మూతి దగ్గర పెట్టింది. "మీరు ఈ చట్టాన్ని వ్యతిరేకిస్తున్నారా?"

"అబ్బే, లేదండీ. నేను వెల్డింగ్ చేశాను."

"నిరసనగానా?"

"కాదండీ. ఎప్పటిలాగే."

వెనక నుంచి పనివాళ్లు ఈలలు వేశారు. "శభాష్ డెల్మర్! బాగా బుద్ధి చెప్పావు!" అని ఎవరో వీపు మీద చరిచారు. ఉద్యోగాల కోసం అతను తిరగబడ్డాడని వాళ్ల సంతోషం. పుట్టాక ఎవరికీ ఎదురు చెప్పని మనిషికి ఆ ఒక్క క్షణంలో వీరుడన్న పేరు వచ్చేసింది. సగం కనుబొమ పైకి లేచి ఉండటంతో, కెమెరాలో నిజంగానే పొగరుగా కనిపించాడు.

చివరికి దాన్ని అతనే కోయాల్సొచ్చింది. అప్పటికి ప్రతినిధి కారెక్కాడు, టీవీవాళ్లు తీగలు చుట్టేసుకున్నారు. డెల్మర్ గ్యాసు మంట పెట్టి తన అతుకును తనే విప్పాడు. దూలం ఇసుక బస్తా మీద మెత్తగా పడింది. తను అతికింది తన చేత్తో ఊడగొట్టడం అదే మొదటిసారి. బాధేసింది. ఎవరికైనా చెప్పుకునేంత పెద్ద బాధ కాదు, కానీ బాధే.

ఆ ఫ్యాక్టరీలో తెల్లవారకముందే పని మొదలై మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఇంటికి వెళ్లేసరికి ఆర్లీన్ తలుపులో నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"టీవీలో చూశాను," అంది.

"ఎలా ఉన్నాను?"

"బ్యాంకు దోచుకుని దొరికినవాడిలా ఉన్నావు. దేశమంతా నా ఇంటికి సరే అంటుంటే, వద్దనడానికి నువ్వొక్కడివి దొరికావా?"

"నేను కావాలని చేయలేదు ఆర్లీన్."

"నీకు ఈ పార్కు వదలడం ఇష్టం లేదు. ఆ మాట నోటితో చెప్పొచ్చుగా? వెల్డింగ్ చేసి చెప్పాలా?"

డెల్మర్ బల్ల దగ్గర కూర్చుని చేతులు ముందు పెట్టుకుని చూసుకున్నాడు. "రెండు చుక్కలే పెట్టాను. ఆ తర్వాత నీ వంటింటి కిటికీ ఎటు పెడదామా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. చెయ్యి దాని పని అది చేసుకుంటూ పోయింది."

ఆర్లీన్ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత, "ఎటు పెట్టావు?" అంది.

"ఓర్ఫా ఇంటి వైపు."

"ఓర్ఫా వైపా? పొద్దున్న లేస్తూనే దాని మొహం చూడాలా నేను? వద్దు. రోడ్డు వైపు పెట్టు."

"సరే. రోడ్డు వైపు."

ఆమె బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టింది. అవి ఉడికే చప్పుడులో డెల్మర్, "చట్టం వస్తే నా పని పోతుంది," అన్నాడు.

"తెలుసు."

"అల్మరాల్లో వేస్తానన్నాడు క్లిఫర్డ్."

"నీకు మేకు తిన్నగా కొట్టడం రాదు."

"అదే చెప్పాను. పని మానేసి ఇంట్లో కూర్చుంటాను."

"ఏ ఇంట్లో?"

"రోడ్డు వైపు కిటికీ ఉన్నదాంట్లో."

ఆర్లీన్ వెనక్కి తిరక్కుండానే ముద్దచేసిన దుంపల మీద, ఆ ప్రాంతపు అలవాటు ప్రకారం, నూడుల్స్ మామూలు కన్నా ఎక్కువ వడ్డించింది. ఆమెకు క్షమాపణ చెప్పడం అలాగే వచ్చు.

ఎండ తగ్గాక ఇద్దరూ ఊళ్లోని ఖాళీ స్థలానికి వెళ్లారు. డెల్మర్ పికప్‌లోంచి రెండు మడత కుర్చీలు దించి గడ్డిలో వేసి, ఒకదాంట్లో కూలబడ్డాడు.

"లే," అంది ఆర్లీన్. "స్నానాల గదిలో కూర్చున్నావు."

డెల్మర్ లేచి కుర్చీ నాలుగు అడుగులు జరిపాడు.

"ఇదేంటి?"

"పడగ్గది. అక్కడ కూర్చో, ఫరవాలేదు."

పక్కింటి వసారాలోంచి ఓర్ఫా కేకేసింది. "టీవీ హీరోగారికి నేను కాల్చిన చెర్రీ పై కావాలేమో అడుగు! ముక్క గట్టిగా అతుక్కుంది, కోయలేక చస్తున్నా!"

"దీని నోరు పడ!" అంటూ ఆర్లీన్ లేచింది. నేరుగా వెళితే నాలుగు అంగల్లో ఓర్ఫా ఇల్లు. కానీ ఆమె నొప్పి మోకాళ్లతో చుట్టూ తిరిగి, ముందు తలుపు రావాల్సిన చోటి నుంచి బయటికి నడిచింది. డెల్మర్ అది చూసి నవ్వాడు. పైకే నవ్వాడు, ఓర్ఫాకు కూడా వినిపించింది.

రెండు పళ్లేలు పట్టుకుని ఆర్లీన్ మళ్లీ ఆ తలుపు గుండానే లోపలికి వచ్చింది. డెల్మర్ గడ్డం గుండెలకు ఆనించి కూర్చున్నాడు. "అప్పుడే నిద్రా? ఇంకా మంచమైనా వేయలేదు," అంది. పళ్లెం ఒళ్లో పెట్టబోయింది. తర్వాత దాన్ని మెల్లగా గడ్డిలో పెట్టి, అతని చెయ్యి పట్టుకుని, ఓర్ఫాను పిలిచింది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. అంతకన్నా చెప్పడానికేమీ లేదన్నాడు. ఎంతో మామూలుగా బతికినవాడు అంతే మామూలుగా పోయాడు. ఆర్లీన్‌కు మాత్రం ఆ మామూలే ప్రపంచమంతా.

చట్టం వచ్చింది. దాన్ని ఊరి కౌన్సిల్ తలకెక్కించుకోవడానికి మరో చలికాలం పట్టింది. పునాది తవ్వడానికి వచ్చినవాళ్లు స్థలం మధ్యలో వేసి ఉన్న మడత కుర్చీని తీయబోతే, ఆర్లీన్ కర్ర పొడుచుకుంటూ వచ్చి అడ్డం నిలబడింది. "అది పడగ్గదిలో ఉంది. మీకేం అడ్డం?" అంది. మేస్త్రీ టోపీ తీసి చేత్తో పట్టుకుని, అమ్మా, పునాది పోయాలంటే కాసేపు తీయక తప్పదు, ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకుని అక్కడే వేస్తాను అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. చట్రం లేని ఇల్లు వచ్చి కూర్చుంది. వంటగది కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది. పడగ్గదిలో, మంచానికి పక్కన, ఆకుపచ్చ నైలాను పట్టీల కుర్చీ ఒకటి ఉంది. ఎండకూ మంచుకూ వెలిసిపోయిన ఆ పట్టీల్లో నడిమి రెండూ ఒక మనిషి బరువుకు సాగి, ఇంకా కిందికి దిగే ఉన్నాయి.