చోకీ కాచిన టీ

పాల్గోన్ కత్తి ఎముకకు తగిలిన చోట ఆపి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి శవం మోకాలి కీలు ఊడదీశాడు. చనిపోయినవాళ్ళను కోసి రాబందులకు పెట్టడం ఆ కొండ ఊరి ఆచారం; ముప్పయ్యేళ్ళుగా ఆ పని అతనిదే, అదే బండ, అదే తిప్పుడు. రాబందులు దిగాయి, నాలుగడుగులు నడిచి వచ్చాయి, ముక్కు ఆనించి వెనక్కి తగ్గాయి. పోయినవాడు ఆరు నెలలు పట్నం ఆసుపత్రిలో సూదిమందుల మీద బతికిన ఉన్ని వ్యాపారి. ఎంత పాపం మూటగట్టుకున్నాడో అని వెంట వచ్చినవాళ్ళు గొణుక్కున్నారు. అది పాపం కాదు, మందుల వాసన అని పాల్గోన్‌కు తెలుసు. చెప్తే వినే మొహాలేనా అవి! అంతా పోగేసి కాల్చేశారు.

అందుకే దగ్గులో రక్తం పడుతున్నా అతను మందు ముట్టలేదు. కోడలు చోకీ క్షయ మాత్రలు తెస్తే పొయ్యిలో పారేశాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, వెన్న టీ గిన్నె అందుకున్నాడు.

"ఈ నెల దగ్గు తగ్గిందమ్మాయ్. నీ టీలో ఏదో ఉంది."

"ఉప్పు, మామా," అంది చోకీ, పొయ్యి వైపు చూస్తూ.

"ఎంతమందినో పెట్టాను ఆ పక్షులకి. చివరికి నన్నే వద్దంటే ఇంకెందుకే నా బతుకు?"

చోకీ గరిటె పొయ్యి పక్కన పెట్టింది. నెల్లాళ్ళుగా ఆమె మళ్ళీ మాత్రలు తెచ్చి, నూరి అతని టీలో కలుపుతోంది. ఇవాళ్టితో మానేద్దామనుకుంది. ముసలాయన ఆయాసం లేకుండా కూనిరాగం తీస్తుంటే మనసొప్పలేదు. రెండో గిన్నెలోనూ కలిపింది.

పొద్దు వాలే వేళ యాక్‌లను తోలుకురావడానికి వెళ్ళిన పాల్గోన్, దొడ్డిగోడకు చేరగిలబడి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

మూడోనాడు పొద్దున్నే కొండెక్కించారు. ఆడవాళ్ళు పైకి వెళ్ళరు గనుక చోకీ దిగువనే నిలబడి చూసింది. పక్షులను పిలిచే ధూపం పొగ లేచింది. పక్షులు గుంపుగా దిగాయి. అంతలోనే లేచి, ఎదుటి కొండకు వెళ్ళిపోయాయి.

కొడుకు తల దించుకుని కిందికొచ్చాడు. "ఒక్కటీ ముట్టలేదే. నాన్న ఏం పాపం చేశాడో!"

చోకీ నోరు తెరిచింది. అతని వెనకే ఇరుగుపొరుగు చెవులప్పగించి నిలబడ్డారు.

"ఏమో," అంది.

అన్ని శవాలు కోసిన చేతులు ఊరికే పోతాయా అన్నారెవరో. అందరూ తలూపారు. పాల్గోన్ చేత టీ తాగించిన ఆ చేతులను చోకీ కొంగు కింద దాచుకుంది.

సాయంత్రానికి అతన్నీ కాల్చేశారు. దంచిన ఎముకల్లో కలిపి పక్షులకు పెడదామని తెచ్చిన బార్లీ పిండి మూట, ముడి విప్పకుండా ఆ బండ మీదే ఉండిపోయింది.