కాటమయ్య నేలగుమ్మడి

మా ఇంటాయన కాటమయ్యకు ఓపిక తప్ప అన్నీ ఉన్నాయి. కూతురు జానమ్మ పెళ్లయిన ఏడు అచ్చంపేట అడవి నుంచి నేలగుమ్మడి గడ్డ తెచ్చాడు. బాలింత తింటే పాలు పడతాయని మా నమ్మకం. సర్కారు అడవిలో కాపలా జవాన్ల చేత తిట్లు తినకుండా, మనుమలు పుట్టేనాటికి పెరట్లోనే గడ్డ ఊరాలని ఆయన ఆశ. మొలకలున్న తలను రెండు ముక్కలు కోసి మంచిది నాటాడు. రెండోది కుళ్లిందని కంచె అవతల సైదమ్మ పెరట్లోకి విసిరాడు. ఆమె ఊరుకుంటుందా! ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

తీగ బాగానే పాకింది. మోదుగలాగా మూడేసి ఆకులు, నీలం పూలు. ఆకు మేకలు ఇష్టంగా తినేవి. కానీ ఈ మహానుభావుడు ఊరుకుంటేనా? వారం వారం గడ్డపారతో మొదలు తవ్వేవాడు.

"జర సూస్త, ఎంతయిందో."

"అది గడ్డనా, పసిపిల్లనా? ఊకె లేపి ముద్దు చేస్తున్నవ్!" అనేదాన్ని.

"నీకేం ఎరుక?" అంటూ మళ్లీ పూడ్చేవాడు.

జానమ్మ కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పాలు మాత్రం చాలలేదు. పసిది ఒకటే ఏడుపు. ఆయన ఉరికి తీగ మొదలంతా తవ్వాడు. వేలెడంత వేరు! తల పట్టుకుని కూలబడ్డాడు.

అప్పుడు కంచె అవతల వేపచెట్టుకు అల్లుకున్న తీగ నా కంటపడింది. మాదే అటు పాకిందనుకున్నాం ఇన్నాళ్లూ. తీరా చూస్తే దాని మొదలు సైదమ్మ పెరట్లోనే ఉంది.

"పోయి అడుగు."

"ఆమెనా? నేను పోను."

"అయితే నువ్వే పాలియ్యి."

పోయాడు. వెనకే నేనూ పోయాను.

"ఏందన్నా, తొవ్వ తప్పినవా?" అంది సైదమ్మ. సంగతి విని తానే తవ్వడం మొదలుపెట్టింది. కడవంత గడ్డ! "నువ్వు పారేసిన కుళ్లు ముక్కనే. నేను ముట్టలే, గందుకే ఊరింది."

గడ్డ తల కోసి మళ్లీ మట్టిలో పూడ్చి, గడ్డ నా చేతిలో పెట్టింది. "పిల్ల ఏడుస్తుంటే నాకూ కూడు దిగలే వదినా. తెద్దామంటే, అన్న మల్ల కంచె అవతలికి ఇసురుతడేమోనని బుగులైంది."

ఆయన తలెత్తలేదు. "తప్పయింది చెల్లె," అన్నాడు.

మేకపాలలో ఉడికించి పెట్టాం. కొద్దిరోజులకు పసిది కడుపునిండా తాగి నిద్రపోయింది. ఆ సంబరంలో ఆయన సైదమ్మనడిగి మరో ముక్క తెచ్చి నాటాడు. నాటిన చేత్తోనే గడ్డపార చూరులో దోపుతుంటే లాక్కున్నాను. కంచె మీదుగా సైదమ్మకు అందించాను.

"మనుమరాలి పెండ్లి దాకా నీ దగ్గర్నే పెట్టుకో వదినా."